కాంటా ఎక్కినవాళ్లంతా చింతపండే

చేతికి కొత్తగా కోడింగ్ పట్టుబడిన ఆ రోజుల్లో నాకున్న ధైర్యాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది, కాస్త భయం కూడా వేస్తుంది. వచ్చింది గోరంత, దాని మీద నమ్మకం కొండంత. పొద్దున కొత్త సంగతి ఏదైనా చదివానంటే మధ్యాహ్నానికల్లా దాన్ని ఎవరి మీదనో ఒకరి మీద ప్రయోగించకపోతే నాకు అన్నం సహించేది కాదు. అలాంటి నన్ను పనిలో పెట్టుకున్న ఒక అన్ననూ, ఆ పని పోకుండా కాపాడిన ఒక పెద్దమ్మనూ తలుచుకుని మనసులో దండం పెట్టుకోవడానికే ఇది రాస్తున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. అప్పట్లో నా మొహం మీదే నవ్వారు, ఇప్పుడు మీరెంత!

మా ఆఫీసు ఖమ్మంలో ఒక మిరపకాయల కొట్టు పైన ఉండేది. కింద బస్తాలు దులిపినప్పుడల్లా పైన మేమంతా తుమ్మేవాళ్లం. మేమంతా అంటే నేనూ, మా బాసూ. ఆయన్ని అందరూ అయిపోతదన్న అనేవారు. ఎవరు ఏ పని చెప్పినా, అది మనుషుల వల్ల అయ్యేదా కాదా అని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "అయిపోతదన్నా" అనేవాడు మరి. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి, "ఏం తమ్మీ, అయితదా?" అని అడిగేవాడు. నేనూ ఆయన శిష్యుణ్నే కాబట్టి "అయిపోతదన్నా" అనేవాణ్ని. ఇలా ఇద్దరం ఒకరినొకరు నమ్ముకుని, మధ్యమధ్యలో తుమ్ముకుంటూ, నాలుగైదు కొట్లకు బిల్లింగ్ ప్రోగ్రాములు అమ్మి బతుకుతున్నాం. బతుకుతున్నాం అన్నది కూడా కాస్త పెద్ద మాటే.

అలాంటి సమయంలో ఒక పెద్ద పని దొరికింది. భద్రాచలం దాటి, అడవి మొదలయ్యే చోట ఒక కోయగూడెం ఉంది. అక్కడి ఆడవాళ్లంతా సంఘంగా ఏర్పడి చింతపండు, ఇప్పపువ్వు, తేనె, జిగురు లాంటివి తెచ్చి ఒకచోట తూచి అమ్ముతారు. కాంటా మీద ఏది పెట్టినా దాని పేరూ బరువూ కాంటాకు కలిపిన టాబ్ గట్టిగా పైకి చదివి వినిపించాలి, సరుకు తడిగా ఉంటే ఆ మాట కూడా చెప్పాలి, అది వాళ్ల కోరిక. "ఇది దక్కిందనుకో, చుట్టుపక్కల గూడేలన్నీ మనయే. దక్కలేదా, ఆఫీసుకు తాళమేసి నేను మా బామ్మర్ది మెడికల్ షాపుల కూసుంట. నువ్వు దమ్మపేట పోయి మీ మామ పామాయిల్ తోటల గెలలు మొయ్యి" అన్నాడు అయిపోతదన్న. (మా మామయ్య ఆ కబురు కోసమే ఎదురు చూస్తున్నాడని నాకు గట్టి అనుమానం. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి నడుము పోతుందని ఆయన నమ్మకం.)

నేను చింతపండుకో క్లాసు, ఇప్పపువ్వుకో క్లాసు, తేనెకో క్లాసు రాశాను. క్లాసంటే కోడ్‌లో ఆ రకం సరుకుకు కట్టే ఇల్లు లాంటిది. వీటన్నిటికీ తల్లిగా 'అడవి సరుకు' అని ఇంకో క్లాసు పెట్టాను. ఏ వస్తువు ఏ క్లాసుదో కనుక్కోవడానికి జావాస్క్రిప్టులో ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అని ఒక ప్రశ్న ఉంటుంది. 'ఇతను మీ ఇంటి పిల్లాడేనా?' అని అడగడం లాంటిదే అది. మామూలుగా అయితే జావాస్క్రిప్టు ఆ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ తండ్రి, తాత, ముత్తాత అని పైకి పోతుంది. ఆ వరుసలో ఎక్కడైనా మన ఇల్లు తగిలితే అవునంటుంది, లేకపోతే కాదంటుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ అడవిలో సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కదా, అందుకని టాబ్ తూచినదాన్నల్లా మూటగట్టి దాచుకుంటుంది. మళ్లీ మూట విప్పితే పేరు ఉంది, బరువు ఉంది, పుట్టుక మాత్రం పోయింది! దాచిన చింతపండును తీసి 'నువ్వు చింతపండువేనా?' అని అడిగితే ప్రోగ్రాము గుడ్లు మిటకరించి 'కాదు' అంటోంది.

సరిగ్గా అప్పుడే నా కంట ఒక రహస్యం పడింది. ఇన్‌స్టాన్స్‌ఆఫ్ అడిగే ప్రశ్నకు జవాబును మనమే మార్చుకోవచ్చట. క్లాసులో సింబల్ డాట్ హ్యాజ్‌ఇన్‌స్టాన్స్ అనే పేరుతో ఒక పరీక్ష రాసి పెడితే, జావాస్క్రిప్టు ఇక తాతముత్తాతల జోలికి పోదు, ఆ పరీక్ష ఏమంటే అదే ఖాయం చేస్తుంది. పుట్టుక చూడక్కర్లేదు, గుణం చూస్తే చాలు! నాకు ఒళ్లు పులకరించిపోయింది. వెంటనే తల్లి క్లాసులో కూర్చోబెట్టేశాను: పేరూ బరువూ రెండూ ఉంటే మనదే, అవునని చెప్పు. ఆఫీసులో ఉన్న చింతపండు పొట్లాన్ని తూచి చూశాను. చింతపండు అంది. మూటగట్టి విప్పి చూశాను. మళ్లీ చింతపండే అంది. "అయిపోయిందన్నా!" అని అరిచాను. ఆ పూట మా ఆఫీసులో ఈ మాట భూతకాలంలో వినబడటం అయిపోతదన్నకు ఎంత ఆనందం కలిగించిందంటే, నాకు మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. తేనెనూ ఇప్పపువ్వునూ కూడా తూచి చూద్దామన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. మా దగ్గర చింతపండే ఉంది మరి.

ఎండలు ముదిరిన రోజుల్లో కాంటా, టాబ్ పట్టుకుని బయల్దేరాం. భద్రాచలంలో బస్సు దిగితే సంఘం పెద్దమ్మ కొడుకు ఆటోతో వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. కాంటాను దారి పొడుగునా నా ఒళ్లోనే పెట్టుకున్నాను, గుంతలకు దాని లెక్క తప్పుతుందేమోనని. గూడెంలో సంఘం రేకుల షెడ్డు కింద ఆడవాళ్లంతా అప్పటికే చేరి ఉన్నారు. పెద్దమ్మ (ఊరందరికీ ఆమె పెద్దమ్మే, మాకూ అంతే) ముందుకొచ్చి నన్ను పైనుంచి కిందికి చూసి అడిగింది.

"ఏ ఊరు బాబు?"

"దమ్మపేట పెద్దమ్మా."

"మీది ఏ గట్టు?"

నేను అయిపోతదన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. పెద్దమ్మ కోడలు నవ్వి మా ఇబ్బంది తీర్చింది. ఇంటర్ చదివిన ఆ అమ్మాయే ఇక మీదట టాబ్ చూసుకోవాలి. "మాలో అందరికి ఒక గట్టుంటది సార్. ఇద్దరిది ఒకటే గట్టైతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అన్నట్టు. వేరే గట్టైతేనే పెండ్లి చేసుకోవచ్చు. గట్టు తెలిస్తేనే ఎవర్ని ఏమని పిలవాల్నో తెలుస్తది."

"నాకు గట్టు లేదు పెద్దమ్మా" అన్నాను నీరసంగా.

"లేకపోవుడేంది?" అంది పెద్దమ్మ. మండుటెండలో చెప్పుల్లేకుండా వచ్చినవాణ్ని చూసి జాలిపడినట్టు ఉంది ఆ మాట.

మేము కాంటా బిగించి, అన్నీ సరిచూసి, ఒక చింతపండు బస్తా ఎత్తబోయాం. పెద్దమ్మ చెయ్యి అడ్డుపెట్టింది. ఆ గూడెంలో ఒక పద్ధతి ఉంది. వెనకటి రోజుల్లో బయటి నుంచి వచ్చిన కాంటాలు వాళ్లని బాగా ముంచాయి. అందుకని ఏ కొత్త కాంటా వచ్చినా ముందు దాని మీద మనిషి నిలబడాలి. అదీ తన బరువు తనకు తెలిసిన మనిషి అయి ఉండాలి. కాంటా మనిషి దగ్గర అబద్ధమాడకపోతేనే దాని మీద సరుకు పెడతారు. పెద్దమ్మ మొన్ననే భద్రాచలం దవాఖానాలో బరువు చూపించుకుని వచ్చింది, అచ్చంగా ఇందుకోసమే. ఈ పద్ధతి సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మేము అయిపోతదనే అనేవాళ్లం.

పెద్దమ్మ చెప్పులు విడిచి కాంటా ఎక్కింది.

"అత్తా, ఈడ పేరు అడుగుతుంది. ఏం కొట్టాలె?" అంది కోడలు.

"నా పేరే కొట్టు. ఎక్కింది నేనే గదా!"

కోడలు కొట్టింది. కాంటా మీద నలభై ఏడు కిలోలు చూపించింది. దవాఖానాలో చెప్పింది కూడా అదే. ఆడవాళ్లంతా ఒకరినొకరు చూసుకుని తలలూపారు. నేను గాల్లో తేలిపోయాను. అంతలో టాబ్ గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గుర్రుమని, టీవీలో వార్తలు చదివే ఆమె గొంతుతో స్పష్టంగా చెప్పింది: "చింతపండు. నలభై ఏడు కిలోలు. తేమ ఎక్కువగా ఉంది. బాగా ఎండబెట్టి తీసుకురండి."

షెడ్డు కింద ఆడవాళ్లంతా పెద్దమ్మ వైపు తిరిగారు. (తేమ సంగతేమిటంటే, కొలిచే పుల్లను సరుకులో గుచ్చకపోతే తడిగా ఉందనే అనుకోమని జాగ్రత్త కోసం నేనే రాశాను. ఆ జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.) పెద్దమ్మ కాంటా మీది నుంచి దిగకుండానే తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. "ఇన్నేండ్లు ఎండల్నే తిరిగిన. ఇంకెంత ఎండాలె బాబు?" అంది.

అయిపోతదన్న ముందుకు దూకాడు. "సెట్టింగ్ పెద్దమ్మా, చిన్న సెట్టింగ్. అయిపోతది. నన్ను జూడు" అంటూ తానే ఎక్కాడు. టాబ్ ఆయన్ని కూడా చింతపండే అంది. ఆయన్ని ఎండబెట్టడానికి ఎంత జాగా కావాలో అని వెనక ఎవరో అన్నారు. పెద్దమ్మ కొడుకు ఒక తేనె డబ్బా తెచ్చి పెట్టాడు. చింతపండు. జిగురు మూట పెట్టాడు. చింతపండు. నా బుర్రలో అప్పుడు వెలిగింది. తల్లి క్లాసులో రాసిన పరీక్ష పిల్ల క్లాసులన్నిటికీ వారసత్వంగా దిగిపోయింది. ప్రోగ్రాము వరుసగా 'చింతపండువా? ఇప్పపువ్వువా? తేనెవా?' అని అడుగుతుంది. పేరూ బరువూ ఉన్న ప్రతిదీ మొదటి గుమ్మం దగ్గరే అవునంటుంటే రెండో గుమ్మం దాకా పోయే అవసరమేముంది!

కోడలు మొగుణ్ని చూసి, "నువ్వు గూడ ఎక్కు" అంది. అతను ఎక్కాడు. చింతపండు. "ఇగ నేను" అని ఆమె ఎక్కింది. చింతపండు.

పెద్దమ్మ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! మొగుడు పెండ్లాలు ఒకటే గట్టా!"

అంతే, షెడ్డు ఎగిరిపోయింది. ఆడవాళ్లు ముందు వాళ్ల భాషలో నవ్వారు, తర్వాత నా కోసం తెలుగులో మళ్లీ నవ్వారు. కొడుకు బిక్కమొహం వేసి, "అంటే మా పెండ్లి చెల్లదా ఏంది?" అన్నాడు. "చెల్లకుంటె మంచిదే. రేపటి సంది నీ బువ్వ నువ్వే వండుకో" అంది కోడలు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా కళ్ల ముందు మా మామయ్య పామాయిల్ గెలలు వరుసగా పేర్చి, నా కోసం చేతులు చాపి నిలబడి ఉన్నాడు.

నవ్వులు కాస్త తగ్గాక పెద్దమ్మ అడిగింది. "ఇది ఎవరు రాసిండ్రు?"

"నేనే పెద్దమ్మా" అన్నాడు అయిపోతదన్న, నేను నోరు తెరిచేలోపలే. ఆయనకు కోడ్ ఒక్క ముక్క కూడా రాదు. ఆ ఒక్క అబద్ధానికి ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

పెద్దమ్మ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "నీ మొకం జూస్తే రాసినోని లెక్క లేదు. గీ పిలగాని మొకం జూస్తే వీడే రాసినట్టుంది. నువ్వు ఇంక ఎక్కలే గదా? ఎక్కు."

ఎక్కాను. ఉరికంబం ఎక్కడం వేరు, ఇది వేరని మనసుకు నచ్చజెప్పుకున్నాను. కోడలు నా పేరు కొట్టింది. నా ప్రోగ్రాము నన్ను చూసి ఏ మాత్రం మొహమాటపడకుండా చింతపండు అంది, ఎండబెట్టమంది.

"నేను చింతపండు, నువ్వు చింతపండు. మనది ఒకటే గట్టు" అంది పెద్దమ్మ తీరిగ్గా. "అంటే నువ్వు నాకు తమ్మునివైతవ్. గట్టు లేదంటివి గదా, దొరికింది."

మళ్లీ నవ్వులు. కానీ అసలు సంగతి ఇంకా తేలలేదు. మమ్మల్ని బయట కూర్చోమని ఆడవాళ్లంతా తమ భాషలో మాట్లాడుకోసాగారు. నేనూ అయిపోతదన్నా ఆటో నీడలో కూలబడ్డాం. ఆయన అంతసేపూ ఒక్కసారి కూడా అయిపోతది అనలేదు. ఆయన నోట ఆ మాట రాకపోవడం నేను చూడడం అదే మొదలు, అందుకే నాకు మరింత భయమేసింది. "తమ్మీ, మెడికల్ షాపుల ఇద్దరికి జాగ ఉంటది లే" అన్నాడు చివరికి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ అని చెప్పి తుడుచుకున్నాను.

పిలిచారు. పెద్దమ్మ కాంటా పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

"బరువు అబద్ధం చెప్పలే" అంది. "నాకూ చెప్పలే, నీకూ చెప్పలే, తేనె డబ్బాకూ చెప్పలే. పేరే తప్పు చెప్తుంది. చిన్న పిలగాండ్లు గూడ పేర్లు తప్పు చెప్తరు, మనం నేర్పుతం. బరువుల మోసం చేసేదానికి ఏం నేర్పుతం? ఈ కాంటా ఉండనీయి. పేర్లు నేర్పిపో."

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. దండం పెట్టాననుకుందో ఏమో, "లే, లే, పని జూడు" అని కసిరింది. ఆ మధ్యాహ్నమంతా షెడ్డు కిందే కూర్చుని తల్లి దగ్గర ఉన్న పరీక్షను పీకేసి కొట్టిన పేరు చూసి అవునో కాదో చెప్పేలా ఏ సరుకు పరీక్ష దానికి విడిగా రాశాను. తలా ఒక మాట చెప్పారు. ఒకామె ఇప్పపువ్వు తెచ్చిపెట్టింది, ఒకామె మజ్జిగ ఇచ్చింది. ఇంకొకామె నేను వేళ్లు ఆడించే తీరు చూసి బీడీలు చుట్టడానికి పనికొస్తానంది. పొద్దు వాలేవేళకు తేనె తేనెలాగా, జిగురు జిగురులాగా పలికాయి. మనుషులు ఎక్కితే మాత్రం టాబ్ ఏమీ అనకుండా ఊరుకుంది. నేను గర్వంగా చూశాను.

పెద్దమ్మకు అది నచ్చలేదు. "గిట్ల మూగగుంటె ఎట్ల? మనిషి ఎక్కితే ఒక మాట అనాలె. కొత్త కోడలొస్తది, పక్క గూడెం నుంచి ఎవరన్న వస్తరు. ఊకె నిలబెట్టి దించుతమా?"

"ఏమనాలి పెద్దమ్మా?"

వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు, మళ్లీ నవ్వుకున్నారు. చివరికి కోడలు టాబ్‌లో తన గొంతుతోనే ఆ మాట పలికి ఇచ్చింది: "మనోళ్లే." టాబ్‌లో మనిషి బొమ్మ ఉన్న మీట ఒకటి పెట్టి, 'మనోళ్లు' అని ఒక క్లాసు రాశాను. మరి పరీక్ష? ఏ గుణం చూసి అవుననాలి? పేరు చూడాలా, ఊరు చూడాలా, గట్టు చూడాలా? పెద్దమ్మను అడిగాను. "ఎక్కినోళ్లు మనోళ్లే గాదా? ఇంకేం జూస్తవ్?" అంది ఆశ్చర్యపోతూ. అందుకని సింబల్ డాట్ హ్యాజ్‌ఇన్‌స్టాన్స్ కింద రిటర్న్ ట్రూ, అంటే అవునని చెప్పు, అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. నా జన్మలో రాసిన అతి చిన్న పరీక్ష అదే. మొదటగా పెద్దమ్మ, వెనకే అయిపోతదన్న, ఆ తర్వాత నేనూ ఎక్కాం. కోడలి గొంతు మా అందరినీ మనోళ్లే అంది. అయిపోతదన్న దిగకుండా ఇంకోసారి మీట నొక్కమన్నాడు.

ఆఫీసు నిలబడింది, నేనూ నిలబడ్డాను. తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, చాలా పెద్ద ప్రోగ్రాములు రాశాను. వాటిలో నేను రాసిన పరీక్షలన్నీ ఎవరినో ఒకరిని గుమ్మం బయట ఆపడానికి రాసినవే. వాటిలో తప్పులు దొరకని వారం లేదు. గూడెంలోని ఆ ఒక్క ముక్కను సరిచేయమని మాత్రం ఇంతవరకూ ఎవరూ ఫోను చెయ్యలేదు.

ఈ మధ్య హైదరాబాదులో ఒక పెద్ద కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి అడగకూడనివన్నీ అడిగి, చివరికి ఇంటర్వ్యూ చేస్తున్న ఆయన, "హ్యాజ్‌ఇన్‌స్టాన్స్ ఎప్పుడైనా నిజంగా వాడారా?" అన్నాడు. వాడానండీ, ఎవరొచ్చినా అవునని చెప్పడానికి వాడాను అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "ఎప్పుడూ కాదనని పరీక్ష ఎందుకండీ?" అని అడిగాడు. చెప్పాలంటే కాంటా చెప్పాలి, గట్టు చెప్పాలి, పామాయిల్ గెలలు చెప్పాలి. అంత ఇంగ్లీషు నాకు లేదు. అందుకని నవ్వి ఊరుకున్నాను. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

లిఫ్టు దగ్గర నిలబడి పెద్దమ్మకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. అంతా విని, "పోనీ తియ్, వాళ్ల కాంటా వాళ్లిష్టం. పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా?" అంది. తినలేదని చెప్పాను. నలభై దాటబోతున్న మనిషిని, మెడలో టై కట్టుకుని, సెక్యూరిటీవాళ్లు చూస్తుండగా ఫోన్లో తిట్లు తింటూ నిలబడ్డాను. ఆ తిట్లు అయ్యేదాకా రెండు లిఫ్టులు వదిలేశాను.